కడిగిన కొలిమి

“ఆ ఊచ ఎవరైనా ఆపండి,” అన్నాడు ఒరెస్తె.

ఎవరూ కదల్లేదు. పెరట్లో నిప్పుల ముందు మాంసం గుచ్చిన ఊచలు తిరుగుతూనే ఉన్నాయి. పంది మాంసం ముక్క, బంగాళాదుంప బిళ్ళ, సేజ్ ఆకు, మళ్ళీ మాంసం ముక్క. తెల్లవారకముందే మొదలుపెట్టింది అతని తల్లి ఎర్సీలియా. వెన్న కారి కారి, ఆ వాసన కొండ మలుపు దాకా వెళ్ళి చుట్టాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేలా ఉంది. రావలసిన చుట్టం మాత్రం వచ్చింది, చూసింది, కంచం ముందు కూర్చోకుండానే టాక్సీ ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో ఇప్పుడు తిరుగుతున్నది ఊచ ఒక్కటే. గోడ అవతల కార్ఖానాలో యంత్రపు సమ్మెట ఆగిపోయింది. కొలిమి చల్లబడింది. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ నాలుగు దిక్కులు చూస్తున్నారు.

“నాన్నా,” అంది తుల్లియా. “ఒక్కటే అడుగుతాను. సమ్మెట ఎందుకు ఆపావు?”

“ఇంటికి మనిషొస్తే ఆపరా మరి?” అన్నాడు ఫౌస్తీనో.

“వచ్చింది మనిషి కాదు నాన్నా, విలేకరి.”

“విలేకరులు మనుషులు కారా ఏమిటే?” అంది ఎర్సీలియా, మొక్కజొన్న పిండి పొలెంటా కలిపే గరిటె చేత్తో పట్టుకునే.

“అమ్మా, నువ్వుండు.”

“నేనుండకపోతే వంట ఎవరు చేస్తారు? తినేవాళ్ళు ఎలాగూ లేరనుకో.”

ఫౌస్తీనో తెల్ల చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఆ చొక్కా ఆదివారాలకూ, పెళ్ళిళ్ళకూ తప్ప బీరువా దాటి ఎరగదు. “ఆ చప్పుడులో ఆవిడ మాట నాకు వినపడాలా వద్దా? నా మాట ఆవిడకి వినపడాలా వద్దా?”

“ఆవిడ వినడానికి వచ్చిందే ఆ చప్పుడు.”

ముసలాయన రొట్టె అందుకున్నాడు. జవాబు లేనప్పుడు ఆయన రొట్టె తుంపుతాడు. తుంపుతూ కూర్చున్నాడు.

ఇటలీలో బ్రెషా ఊరికి పైనున్న ఆ లోయలో ఇత్తడి పని చేయనివాడు లేడు. కుళాయి, గొళ్ళెం, వాల్వు, ఏదో ఒకటి. ఇత్తడి వాళ్ళు ఎంత ఒత్తిడైనా తట్టుకుంటారని పేరు. ఫౌస్తీనో సమ్మెట కొట్టేవి ఆసుపత్రుల్లో ప్రాణవాయువు సిలిండర్లకు బిగించే వాల్వులు. అవి కొనే స్వీడన్ కంపెనీ అధికారికి ఎవరో చెప్పారు, ఈ కార్ఖానా మూతపడుతోందని. మూయలేదు మహాప్రభో అని తుల్లియా ఫోనులో మొత్తుకుంది. ఆయన మర్యాదగానే విన్నాడు. “మూయలేదని మీరు చెబితే ఎలా? మీరు కాని వాళ్ళెవరైనా చెప్పాలి కదా,” అన్నాడు. సోమవారం జర్మనీలో జరిగే పారిశ్రామిక ప్రదర్శనలో అందరి చేతికీ అందే మిలాన్ వ్యాపార పత్రిక ఒకటుంది. ఆయన దాన్ని నమ్ముతాడు. అందులో చూసుకుని, కొనడమో మానడమో అప్పుడే చెబుతానన్నాడు. ఆయన మానుకుంటే కార్ఖానా మూసుకోవడమే.

తుల్లియా మిలాన్‌లో ఇన్నేళ్ళూ చేసిన ఉద్యోగం అదే. పంపులు, బోల్టులు, బేరింగులు చేసే కంపెనీల కథలను పత్రికల వాళ్ళ చెవిన వేసి, వాళ్ళ చేత రాయించడం. ఆ వృత్తిలో దాన్ని పిచ్ చేయడం అంటారు. ఫౌస్తీనో దానికో ఒత్తు చేర్చి పిచ్చి అంటాడు.

“బోల్టు గురించి రాస్తే ఎవడు చదువుతాడే?” అని ఆయన ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు.

“బోల్టు కొనేవాడు చదువుతాడు నాన్నా,” అనేది తుల్లియా.

ఊరూపేరూ లేని కంపెనీలకు ఊరూ పేరూ తెచ్చిన మనిషికి, సొంత ఇంటి కథ అమ్మబోయేసరికి చుక్కలు కనిపించాయి. ఎంతమందికి రాసిందో. “బాగుంది, చూస్తాం” అన్నవాళ్ళు చూడలేదు. అననివాళ్ళు అననూ లేదు, చూడనూ లేదు. చివరికి ఆ మిలాన్ పత్రికలో ఇలారియా సోర్మానీ అనే ఆవిడ ఒక్కర్తే ఒప్పుకుంది. మూడు ముక్కల్లో అడిగింది. “పని జరుగుతుండగా చూడాలి. చప్పుడు వినాలి. నూనె వాసన రావాలి.”

ఈ మూడింటినీ ఫౌస్తీనో ఒక్క పూటలో కడిగి అవతల పారేశాడు.

నిన్న సాయంత్రం పని ఆగగానే గోడలకు సున్నం కొట్టించాడు. నేల మీద రజను ఊడిపించి, సబ్బునీళ్ళతో తోమించాడు. సమ్మెటకు ఆకుపచ్చ రంగు వేయించాడు. పొద్దున్నే పనివాళ్ళందరికీ సెలవిచ్చి, పెద్ద మేస్త్రీ జెలిందోని ఒక్కణ్ణి ఉంచి, అతనికి టై కట్టించాడు. తుల్లియా ఇప్పుడు బ్రెషాలో వేరే ఉంటుంది. స్టేషన్లో విలేకరిని ఎక్కించుకుని సరాసరి వచ్చేసింది. గోడలకు సున్నం, పనికి సున్న. గుమ్మంలో అడుగుపెట్టేదాకా తనకూ తెలియదు.

“ఆవిడ బూట్లకి నూనె అంటుకుంటే మన ఇంటికి అప్రతిష్ఠ కాదూ?” అన్నాడు ఫౌస్తీనో, రొట్టె ముక్కల కుప్ప వైపు చూస్తూ.

“ఆవిడ వేలికి పచ్చరంగు అంటుకుంది. అది ప్రతిష్ఠా?” అన్నాడు ఒరెస్తె.

నిజమే. ఇలారియా సమ్మెట మీద వేలు పెట్టి, ఆ పచ్చటి వేలిని అందరికీ చూపించి, రుమాలుతో తుడుచుకుంది. ఆ తరువాత తుల్లియా వంక తిరిగి అన్న మాటలు ఇంకా గదిలోనే వేలాడుతున్నాయి.

“ఇది మ్యూజియం. మ్యూజియాల మీద రాసేవాళ్ళు మా పత్రికలో వేరే ఉన్నారు. ఈ లోయలో ఇంకో సమ్మెట మూగబోయింది. నేను చూసింది అదే, రాసేదీ అదే.”

*

తుల్లియా మళ్ళీ ఫోను చేసింది. ఇంతకుముందు చేసిన వాటికి ఆవిడ తీయలేదు. ఈసారి తీసింది.

“ఇలారియా గారూ, ఒక్క నిమిషం. నిన్న సాయంత్రం దాకా ఆ సమ్మెట కొట్టింది. మా నాన్న మీ మీద గౌరవంతో...”

“తుల్లియా గారూ, నేను ఈ పనిలో చాలా ఫ్యాక్టరీలు చూశాను. మూసేసినవాళ్ళే రంగులేస్తారు. నడిచేవాళ్ళకి తీరిక ఉండదు.”

“మా నాన్నకి తీరిక లేదు. తీరిక చేసుకున్నాడు.”

“మీ నాన్నగారి మాట పక్కన పెట్టండి. మీ మాటా పక్కన పెట్టండి. సమ్మెట నడుస్తోందని మీరు కాకుండా చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

స్వీడన్ వాడు అడిగిందీ ఇదే. తుల్లియా నోరు తెరిచింది. పనివాళ్ళు? జీతగాళ్ళు, చెప్పమన్నది చెబుతారంటుంది. అన్న? అమ్మ? ఊచ మీది మాంసం ముక్క?

“నా రైలుకి వేళవుతోంది. సాయంత్రానికి పేజీలు మూసేస్తాం,” అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఫోను బల్ల మీద పెట్టి ఆమె తండ్రి వైపు తిరిగింది. ఫౌస్తీనో కార్ఖానాను కడిగితే, ఆయన్ను కూతురు కడగడం మొదలుపెట్టింది. ఎవరిని అడిగి సున్నం కొట్టించావు, ఎవరిని అడిగి సెలవిచ్చావు, ఇన్నాళ్ళూ నేను కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్న ఒక్క మనిషిని పూటలో తరిమేశావు కదా నాన్నా అని నిలదీసింది. ముసలాయన తల వంచుకుని విన్నాడు. ఆయన తల వంచుకోవడం ఎర్సీలియా ఎన్నడూ చూడలేదు. గరిటె పక్కన పెట్టేసింది.

“చాల్లే తల్లీ. ఆయన నీకోసమే చేశాడు.”

“తెలుసమ్మా. అదే నా ఏడుపు.”

ఒరెస్తె గొంతు సవరించుకున్నాడు. కార్ఖానా లెక్కాపత్రాలు చూసేది అతనే. ఆ గొంతు సవరింపు కోసం తుల్లియా పొద్దుటినుంచీ భయపడుతూనే ఉంది.

“ఇక సాయంత్రం దుయిలియో దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టేస్తాను.”

“అన్నయ్యా.”

“ఏం అన్నయ్యా? సోమవారం ఆ పత్రికలో మనం చచ్చామని పడ్డాక దుయిలియో మాత్రం కొంటాడా? ఇవాళైతే బతికున్న కార్ఖానా కొంటాడు. రేపు తుక్కు కొంటాడు.”

“కొని ఏం చేస్తాడు? సమ్మెట విప్పి అమ్మేస్తాడు. మన పేరు తీసుకుపోయి వాడి గేటుకి తగిలించుకుంటాడు.”

“నేను ముంచేవాణ్ణి కాదే. మునిగాక జుట్టు పట్టి లాగేవాణ్ణి. నువ్వు పత్రికలో ఎక్కిస్తానన్నావు, నేను ఆగాను. ఎక్కించావా?”

దుయిలియో ఫౌస్తీనో తమ్ముడి కొడుకు. రోడ్డుకు అవతల అతని కార్ఖానా. ఒకప్పుడు ఒకటే కార్ఖానా, రెండు కొలిములు, రెండు సమ్మెటలు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు చెరొకటి పంచుకుని మధ్యలో రోడ్డు వదిలేశారు. తమ్ముడు అర్తూరో పోయిన నాటినుంచి ఈ గడప తొక్కలేదు దుయిలియో. కొనుగోలు మాటలన్నీ ఒరెస్తె అవతలికి వెళ్ళి మాట్లాడి వచ్చినవే.

“వాడి ముందు సంతకం పెడితే,” అన్నాడు ఫౌస్తీనో నెమ్మదిగా, “నన్ను ముందు పాతిపెట్టి పెట్టు.”

ఎవరో తలుపు తట్టారు.

*

తలుపు ఫౌస్తీనోయే తీశాడు. గుమ్మంలో పక్కింటి దొమితిల్లా. ఒంటి నిండా నలుపు, నెత్తిన నల్ల శాలువా, చేతుల్లో గుడ్డ కప్పిన కేకు. ఆమె మొహంలో తయారుగా పెట్టుకొచ్చిన దుఃఖం ముసలాయన్ను చూడగానే ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

“నువ్వా?” అంది.

“నేనే. ఏం?”

“నువ్వు పోలేదా?”

“ఎక్కడికి?”

“మరి ఎవరు పోయారు?” ఆమె మెడ సాచి లోపలికి చూసింది. ఎర్సీలియా కనబడింది. “ఈవిడా పోలేదు. మరి సమ్మెట ఎందుకాగిందయ్యా? పనిదినం పూట సమ్మెట ఆగితే జనం ఏమనుకుంటారు? పొద్దుటినుంచీ చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. శబ్దం లేదు. శబ్దం లేదంటే ఇంట్లో శవం ఉందనే కదా ఈ లోయలో. కేకు చేశాను. గుడ్లు వేసి చేశాను.”

ఫౌస్తీనో గోడకు చేయి ఆనించాడు. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు. అతిథి వస్తోందన్న సంబరంలో లోయలో తాతలనాటినుంచి ఉన్న ఆనవాయితీ మరిచిపోయాడు. ఇంట్లో చావు జరిగితేనే సమ్మెట ఆగుతుంది. మనిషిని సాగనంపేదాకా మళ్ళీ లేవదు.

దొమితిల్లా వెనక గేటు దగ్గర ఇంకో ఇద్దరు నల్లబట్టల వాళ్ళు కనిపించారు. వాళ్ళ వెనక టోపీ తీసి చేతపట్టుకున్న మంగలి. బతికున్న మనిషి గుమ్మంలో నిలబడి తన పరామర్శకు వచ్చిన వాళ్ళను లెక్కపెట్టుకుంటున్నాడు.

“పోనీలే, ఉన్నావు కదా,” అంది దొమితిల్లా, కాస్త నిరాశగా. “ఉంటే మాత్రం ఏం సుఖం. నిన్న సాయంత్రం దాకా నీ సమ్మెట మా ఇంటి మీద పడ్డట్టే పడింది. అల్మారాలో కప్పులన్నీ ఒక మూలకి జరిగిపోయాయి. మొన్న మా పిల్లి మంచం కిందికి దూరింది, ఇంకా బయటికి రాలేదు. మునిసిపాలిటీకి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నాను, విన్నాడా ఒక్కడైనా?”

తుల్లియా బల్ల దగ్గరినుంచి లేచింది. ఎందుకు లేస్తోందో ఆమెకే అప్పటికి పూర్తిగా తెలియదు. ఫోను చేతిలో ఉంది.

“దొమితిల్లా అత్తా, ఇప్పుడన్నదంతా ఇంకోసారి అంటావా?”

“ఇంకోసారేమిటే, ఇరవై ఏళ్ళుగా అంటున్నాను.”

“ఇందులో అను.”

ఇలారియా ఫోను తీయగానే తుల్లియా ఒక్క మాటే చెప్పింది. “నా మాట వద్దన్నారు కదా, ఈవిడ మాట వినండి.” ఫోను దొమితిల్లా చేతికిచ్చి దూరం జరిగింది.

ఆ తరువాత లోయలో సమ్మెట లేని లోటు తీరిపోయింది. దొమితిల్లా నోరే సమ్మెట. కప్పులు చెప్పింది, పిల్లి చెప్పింది, గోడలో పడ్డ బీట చెప్పింది, మొన్న బుధవారం పొద్దున్నే దేవుడి పటం నేలరాలిన వైనం చెప్పింది. వీళ్ళు మూసేస్తారని ఎవరో అంటే కొవ్వొత్తి వెలిగించాననీ, నిన్న సాయంత్రం కూడా మోగేసరికి ఆర్పేశాననీ చెప్పింది. చెప్పి, ఫోను తుల్లియాకు తిరిగిచ్చి, కేకు ఎర్సీలియాకు ఇచ్చింది. “తీసుకో, చచ్చినప్పుడు మళ్ళీ చేస్తాలే,” అంది.

“ఈవిడ మీకేమవుతారు?” అన్నది ఫోనులో గొంతు.

“శత్రువు,” అంది తుల్లియా.

 ఫోనులో రైలు కూత వినపడింది. అది దూరమై పోయింది.

“పొద్దుటినుంచీ ఇప్పటికి నమ్మదగిన మనిషి ఒకరు దొరికారు,” అంది ఇలారియా. “రైలు వదిలేశాను. మళ్ళీ వస్తున్నాను. కానీ ఈసారి మీ నాన్నగారి చొక్కా చూడ్డానికి కాదు. సమ్మెట కొట్టాలి. అచ్చులో ఇత్తడి పడాలి. నేను నా కళ్ళతో చూడాలి. లేకపోతే పొద్దున్న చూసిందే అచ్చవుతుంది.”

*

“జెలిందో, కొలిమి వెలిగించు,” అంది తుల్లియా పరుగున కార్ఖానాలోకి వస్తూ.

జెలిందో కదల్లేదు. టై ముడి వదులు చేసుకుని, నేల చూశాడు. ఆ నేల చూడదగ్గట్టే మెరుస్తోంది.

“ఏమిటి?”

“పెద్దాయన్ను అడుగమ్మా.”

ఫౌస్తీనో వెనకే వచ్చి నిలబడ్డాడు. పరామర్శ జనం గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఒరెస్తె కొలిమి మూత ఎత్తాడు. లోపల పైకప్పు ఇటుకలు విరిగి కుప్పగా పడి ఉన్నాయి. మధ్యలో పెద్ద పగులు.

“మూతి దగ్గర మసి ఉండిపోయింది,” అన్నాడు ముసలాయన. గొంతు కూతురికి మాత్రమే వినిపించేలా ఉంది. “నిన్న రాత్రి సున్నం పనయ్యాక అందరూ వెళ్ళిపోయారు. ఇంకా ఎర్రగానే ఉంది. గొట్టంతో నీళ్ళు కొట్టాను.”

“ఎర్రగా ఉన్న కొలిమి మీద నీళ్ళు కొట్టావా?”

“ఆవిడ తెల్ల కోటు వేసుకొస్తుందేమోనని.”

ఒరెస్తె మూత వదిలేశాడు. అది దడాలున పడింది. జీవితమంతా నిప్పుతో పని చేసిన మనిషి, కొత్తగా చేరినవాడు కూడా చేయని పని చేశాడు. తప్పు ఎంత పెద్దదో ఎవరూ ఆయనకు చెప్పనక్కర్లేదు. 

“ఇటుకలు కట్టి ఆరబెట్టాలంటే వారం పడుతుంది,” అన్నాడు జెలిందో. “సమ్మెటకేం, గాలితో నడిచేదే, పైకి లేస్తుంది. కాల్చిన ఇత్తడి లేనిదే ఏం కొడుతుంది? గాలిని కొడుతుందా?”

తుల్లియా ఆ చల్లటి నేల మీదే కూర్చుండిపోయింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఆ కార్ఖానాలో అంత శుభ్రమైన చోట ఎవరూ అంత దీనంగా కూర్చుని ఉండరు.

అప్పుడు గుమ్మం దగ్గరి జనం రెండుగా చీలారు. నల్ల కోటు వేసుకుని, చేతిలో పూలచక్రం పట్టుకుని దుయిలియో వస్తున్నాడు.

ఫౌస్తీనోను చూసి ఆగిపోయాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినవాడి కళ్ళు. అవి ముందు వెడల్పయ్యాయి, తరువాత సన్నబడ్డాయి.

“పెదనాన్నా,” అన్నాడు. “బతికే ఉన్నావా?”

“ఉన్నానురా.”

“నీ సమ్మెట ఆగిందని నేను నాది ఆపేయించాను. నా మనుషులంతా అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొలిమి మండుతూనే ఉంది, సమ్మెట ఆగింది. పెద్దవాడు కదా అని.” పూలచక్రం నెమ్మదిగా నేల మీద పెట్టాడు. “మరెందుకు ఆపావు?”

“పత్రిక నుంచి ఒకావిడ వస్తేనూ...”

“ఓహో.”

ఆ ఓహో చాలా చిన్నది. దాని బరువు మోయడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. ఎర్సీలియా ఏప్రన్ అంచుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమెకు తెలుసు ఏం రాబోతోందో.

“మా నాన్న పోయిననాడు సరుకు పంపాలని నువ్వు సమ్మెట ఆపలేదు,” అన్నాడు దుయిలియో. “శవపేటిక గేటు దాటుతుంటే కూడా నీ దెబ్బలు వినపడుతూనే ఉన్నాయి. నీ సొంత తమ్ముడికి ఆగని సమ్మెట, పేపరావిడకి ఆగిందా పెదనాన్నా?”

ఫౌస్తీనో రొట్టె కోసమన్నట్టు చేతులు కదిలించాడు. రొట్టె లేదు.

*

దుయిలియో వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక ఫౌస్తీనో పిలిచాడు. ఆ పిలుపులో ఆయన గొంతు ఆయనది కాదు.

“ఒరేయ్ అర్తూరో కొడకా. నాకు కాస్త నిప్పు కావాలి.”

ఒరెస్తె, జెలిందో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంతకం మాటెత్తితే పాతిపెట్టమన్న మనిషి, ఇప్పుడు నిప్పు అడుక్కుంటున్నాడు.

“నిప్పా?”

“నీ కొలిమిలో కాల్చిన ఇత్తడి కడ్డీ ఒక్కటి. రోడ్డు దాటించి నా అచ్చులో పెడితే చాలు. నా కొలిమి పగిలింది. నేనే పగలగొట్టుకున్నాను.”

దుయిలియో చాలాసేపు రోడ్డు వంక చూశాడు. “సాయంత్రం సంతకమైతే ఈ సమ్మెట నాదే కదా. ఇప్పుడు నేనెందుకు నిప్పివ్వాలి?”

“అలా కాకూడదనే అడుగుతున్నాను,” అన్నాడు ముసలాయన.

“ఇస్తాను,” అన్నాడు దుయిలియో. “ఒక్కటే మాట. అక్కా, నీకే చెబుతున్నాను, అచ్చులో ఎక్కించేదానివి నువ్వే కనక. ఈ దెబ్బకి నిప్పు ఎవరిదో ఆ పత్రికలో పడాలి. నా పేరు వద్దు. అర్తూరో కొలిమి నిప్పు అని పడాలి. మా నాన్న పోయిననాడు ఎవరూ ఆగలేదు. కనీసం పేరైనా ఒకసారి ఆగి చదువుతారు.”

అతను వెళ్ళిపోగానే ఒరెస్తె చెల్లెలి భుజం పట్టుకున్నాడు. “చెప్పకు. పిచ్చిదానా, కొలిమి పగిలిందని అచ్చయితే స్వీడన్ వాడు సోమవారమే దండం పెట్టేస్తాడు. దుయిలియో నిప్పు తెస్తాడు, మనం కొడతాం, ఆవిడ చూస్తుంది, అంతే. నిప్పు మీద పేరు రాసుంటుందా?”

“మరి వాడికిచ్చిన మాటో?”

“నువ్వు ఇంకా ఇవ్వలేదుగా.”

ఫౌస్తీనో కూతురి వంక చూసి తల అడ్డంగా, కనీ కనపడనంతగా ఆడించాడు. చెప్పకు. ఆ కళ్ళలో ఆజ్ఞ లేదు. ప్రాధేయపడుతున్నాయి. మీద తెల్ల చొక్కా, గుండెల్లో మసి.

కొండ మలుపులో టాక్సీ హారను మోగింది.

జెలిందో టై తీసి జేబులో కుక్కుకుని గాలి గొట్టం తెరిచాడు. సమ్మెట బుసకొట్టి, ఆకుపచ్చ తల పైకెత్తింది. ఫౌస్తీనో దాని ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. తొక్కితే సమ్మెట పడే ఆ పెడల్ మీద ఇంకొకరి పాదం పడటం ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఇలారియా దిగింది. ముందు నల్లబట్టల జనాన్ని చూసింది, తరువాత పూలచక్రాన్ని చూసింది. “ఎవరైనా పోయారా?” అంది.

“ఇంకా లేదు,” అంది దొమితిల్లా.

రోడ్డు అవతల గేటు తెరుచుకుంది. పొడవాటి పట్టకారుతో నిప్పులాంటి ఇత్తడి కడ్డీ పట్టుకుని దుయిలియో బయలుదేరాడు. నడి రోడ్డు మీదికి వచ్చి ఆగిపోయాడు. తుల్లియా వైపు చూస్తున్నాడు. నారింజ రంగులో ఉన్న కడ్డీ అంచులు ఎర్రబడుతున్నాయి. ఇంకాసేపైతే నల్లబడతాయి. అప్పుడిక దాన్ని కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే.

“ఏం జరుగుతోంది తుల్లియా గారూ?” అంది ఇలారియా. “ఆ అబ్బాయి ఎందుకు ఆగాడు?”

తుల్లియా జీవితంలో ఎన్నో కంపెనీల గురించి ఎన్నో చెప్పింది. చెప్పకూడనివి పక్కనపెట్టి, చెప్పదగినవి మెరుగుపెట్టి చెప్పడమే ఆమె విద్య. ఒక రకంగా అదీ కడగడమే. అది తండ్రి పోలికే అని ఆమెకు మొదటిసారి అనిపించింది.

“ఈ నిప్పు మాది కాదండీ,” అంది. “మీరొస్తున్నారని మా నాన్న ఎర్రటి కొలిమిని నీళ్ళు పోసి కడిగాడు. అది పగిలింది. ఈ నిప్పు మా బాబాయి అర్తూరో కొలిమిది. ఆయన పోయిననాడు మేం సమ్మెట ఆపలేదు. అయినా ఆయన కొడుకు తెస్తున్నాడు.”

ఒరెస్తె మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఇలారియా సంచిలోంచి చిన్న రికార్డరు తీసి నొక్కింది.

దుయిలియో కదిలాడు. పరుగు లాంటి నడకతో రోడ్డు దాటి, గడప దాటి, మెరిసే నేల మీదుగా వచ్చి కడ్డీని అచ్చులో పెట్టాడు. పట్టకారు వదిలి వెనక్కి జరిగాడు. అందరి కళ్ళూ సమ్మెట మీదికి వెళ్ళాయి.

ఫౌస్తీనో కూతుర్నే చూస్తున్నాడు. ఆయన ఇత్తడి ఒక అచ్చులో పడింది. పరువు ఇంకో అచ్చులో పడబోతోంది. కొడితే తన తప్పూ దాంతోపాటు అచ్చవుతుంది, కొట్టకపోతే సమ్మెట మూగబోయిందనే అచ్చవుతుంది.

“నాన్నా,” అంది తుల్లియా. “చల్లారిపోతోంది.”

కడ్డీ మీద ఎరుపు ముదురుతోంది. పెడల్ మీద ముసలాయన పాదం గాలిలోనే ఉంది.